నదిని చూడటానికి వెళ్ళేదెవరు?

మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం రెండేళ్ళుగా నెలకు తలా రెండు వందలు వేసుకుంటూ ఒక స్టీలు డబ్బాలో దాస్తున్నాం. ఒకామె మందుల కంపెనీ క్యాంటీన్‌లో వంట పని చేస్తుంది. ఒకామె ఇంకో కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్, కాంట్రాక్టు మీద. ఒకామె బట్టలు కుడుతుంది. ఒకామె అంగన్‌వాడీ టీచర్. ఇంకొకామె నర్సుగా చేసి రిటైరైంది. ఆరోదాన్ని నేను, సంగారెడ్డిలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. డబ్బా ఎందుకంటే, ఎప్పటికైనా ఇళ్ళన్నీ వదిలేసి రెండు రోజులు ఎక్కడికైనా పోయి రావాలని. 2025 దసరాకు లెక్కపెడితే ఇరవై ఎనిమిది వేల పైచిలుకు ఉంది.

ఎక్కడికి పోవాలన్న దగ్గర వాదన మొదలైంది. తిరుపతి అందరం వెళ్ళొచ్చాం, పిల్లల పుట్టు వెంట్రుకలకో, మొగుడి మొక్కుకో. అలా కాకుండా ఎవరి పనీ మీద పడకుండా ఊరికే పోయే చోటు కావాలి. కుట్టు మిషనక్క లింగంపల్లి నుంచి ఒక కరపత్రం తెచ్చింది. పాపికొండల బోటు యాత్ర. రెండు రాత్రులు రైల్లో, ఒక పగలు నది మీద. దాన్ని నా చేతిలో పెట్టి, “నువ్వు తెలుగు మేడమ్‌వి గద, ఇండ్ల ఏమున్నదో మంచిగ సదివి చెప్పు” అంది.

మొదటిసారి ఖర్చు చూసుకునే మనిషిలాగే చదివాను. ఛార్జీ ఎంత, భోజనం కలిపేనా, రైలు టికెట్ ఎవరిది అని. రెండోసారి చదివేటప్పటికి పాఠం చెప్పే అలవాటు ముందుకొచ్చింది. కవితనీ కథనీ విప్పి చూస్తాం, వాటిలో స్త్రీ ఎక్కడుందో వెతుకుతాం. ఆ పని ఒక టూరు కాగితానికి ఎందుకు చేయకూడదు? ఏటా మన జనం నవలల కంటే ఇవే ఎక్కువ చదువుతారు. వీటిని నమ్మి డబ్బు కడతారు, పిల్లల్ని వెంటబెట్టుకుని పడవెక్కుతారు.

ఆ కాగితంలో ఆడది మూడు చోట్ల ఉంది. పడవ ముందు భాగంలో చేతులు చాపి నిలబడ్డ జీన్స్ అమ్మాయి, జుట్టు గాలికి ఎగురుతూ. రెండోది నది. ఆమె వయ్యారి, సొగసరి, కొండల కౌగిట్లో ఒదిగిన గోదారమ్మ. మూడోది ఒక మూల చిన్న బొమ్మలో వెదురు బుట్టలు ముందుపెట్టుకుని ఇసుకలో కూర్చున్న స్త్రీ. మొదటిదాని అందం, రెండోదాని వర్ణన, మూడోదాని సరుకు అమ్మకానికి ఉన్నాయి. మా ఆరుగురిలాంటి నడివయసు ఆడది, మోకాళ్ళ నొప్పులున్నది, ఎవరో వడ్డిస్తే కూర్చుని అన్నం తినే ఆడది ఎక్కడా లేదు.

క్రియాపదాలు చూడండి. చూడండి, మైమరచిపోండి, కెమెరాలో బంధించండి, కుటుంబ సమేతంగా తరలిరండి. ఈ ‘సమేతంగా’ మనకు పెళ్ళి శుభలేఖల నుంచీ తెలిసిన మాటే. శుభలేఖ ఇంటి యజమానితో మాట్లాడుతుంది, అతను మిగతావాళ్ళని సమేతం చేసుకుని వస్తాడు. కరపత్రం కూడా అంతే. డబ్బు ఎవరి జేబులో ఉందో వాడితోనే దాని మాట. మా డబ్బు జేబులో కాదు, డబ్బాలో ఉంది. అలాంటి ఆడవాళ్ళు తనను చదువుతారని అది అనుకోలేదు.

అందుకే మా వాళ్ళు అడిగిన ప్రశ్నలకు అందులో జవాబు లేదు. అంగన్‌వాడీ టీచర్ అడిగిన మొదటి ప్రశ్న, బోటులో బాత్రూం ఉందా అని. ఉంటే ఎన్ని, నీళ్ళు వస్తాయా. పగలంతా నది మీద ఉండేటప్పుడు, బహిష్టు రోజుల్లో ఉన్న మనిషి ఏం చేయాలి? చాలామంది ఆడవాళ్ళు ప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తారు. నది మీదికి పోతూ నీళ్ళు తాగకుండా ఉండటం! నర్సక్క ఇంకో ప్రశ్న వేసింది. లైఫ్ జాకెట్ చీర మీద ఎట్లా కట్టాలి, నీళ్ళలో పడితే ఆరు గజాల చీర కాళ్ళకు చుట్టుకోదా అని. ప్రకృతి శోభ గురించి పేజీ నిండా రాసినవాళ్ళు ఇంత చిన్న సంగతులు ఎందుకు రాయలేదు? అవి శోభ కిందికి రావు కనక.

పాపికొండలన్న పేరు దగ్గర కాసేపు ఆగాలి. అవి పాపిడి కొండలని జనం చెప్పుకుంటారు. రెండు వైపులా కొండలు, మధ్యలో సన్నని నదీ పాయ, తల దువ్వి తీసిన పాపిడిలా ఉంటుందని. పేరు పెట్టినవాళ్ళ చూపు చక్కనిదే. తల్లి కూతురికి దువ్వేటప్పుడు కనపడే పాపిడి కావచ్చు అది. కానీ మన సమాజంలో పాపిడి అక్కడితో ఆగదు. ఎక్కడ ఎవరు ఏ రంగు పెట్టాలో, ఎప్పుడు తుడిచేయాలో ఆ గీత మీదే నిర్ణయాలు జరుగుతాయి. కొండకూ నదికీ స్త్రీ శరీరాన్ని తొడిగే అలవాటు మన కవిత్వంలో ఎంత పాతదో, ఆ శరీరం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న అంత పాతది కాదు.

ఆ కాగితం వెనక రెండు సినిమాలు కూడా ఉన్నాయి. గోదావరి మీద పడవ ప్రయాణమంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేవి అవే. బాపు, ముళ్ళపూడి వెంకటరమణల ‘అందాల రాముడు’ 1973లో వచ్చింది. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ 2006లో. రెండింటిలోనూ రాజమండ్రి నుంచి భద్రాచలానికి నీటి మీద పోవడమే కథ. రెండూ నాకు ఇష్టమైన సినిమాలు. మొదటిదాంట్లో లాంచీ ఒక చిన్న ఊరు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, భక్తులూ మోసగాళ్ళూ ఒకే కప్పు కింద ఇరుక్కుని ఒకరి బండారం ఒకరు చూస్తారు. ఆ ఇరుకులోంచి పుట్టే హాస్యం గొప్పది.

రెండోదాంట్లో సీత ఒక్కతే పడవెక్కుతుంది. వ్యాపారం సరిగ్గా సాగక, పెళ్ళి సంబంధం బెడిసి, ఇంట్లో అందరి మాటలూ పడి, కొన్నాళ్ళు నన్ను వదిలేయండని బయల్దేరుతుంది. ఆ రోజుల్లో మా క్లాసు ఆడపిల్లలు ఆ సినిమా మూడేసి సార్లు చూసి వచ్చేవాళ్ళు. హీరో కోసం అనుకున్నాను ముందు. అడిగితే ఒకమ్మాయి చెప్పింది, “ఆమె ఒక్కతే టికెట్ కొనుక్కుంటది మేడం” అని. ఆ ఒక్క వాక్యాన్ని నేను పాతికేళ్ళ పాఠాల్లో మర్చిపోలేదు. ఆడపిల్ల తనకు తానే ఒక టికెట్ కొనుక్కోవడం మా ప్రాంతంలో ఎంత పెద్ద కలో ఆ పిల్ల మాటల్లో తెలిసింది.

కానీ సీత ఒంటరితనానికి గడువు ఉంది. భద్రాచలం వచ్చేసరికి రాముడు దొరకాలి. పేర్లే ముందే నిర్ణయించేశాయి. నది ఆమెకు కొంత విడుదల ఇచ్చి తిరిగి పెళ్ళి ఒడ్డున దింపుతుంది. ఇంకో సంగతి. రెండు సినిమాల్లోనూ ఒడ్డు ఒక తెరలా వెనక్కి జరిగిపోతుంది. ఆ అడవిలో కోయలూ కొండరెడ్లూ ఉంటారనీ, వాళ్ళకు ఈ నది మార్కెట్టుకూ ఆస్పత్రికీ పోయే రోడ్డనీ ఆ సినిమాలు చూసి నేను తెలుసుకోలేదు. పడవలో ఉన్నవాళ్ళకు కథ ఉంది. ఒడ్డున ఉన్నవాళ్ళు బొమ్మలో భాగం. కరపత్రంలో బుట్టలమ్మే ఆమె ఏ మూలన ఉందో సినిమాల్లోనూ ఆమె అక్కడే ఉంది.

సినిమాల కంటే ముందు కవిత్వం ఉంది. భద్రాచలం ప్రాంతంలో గోదావరిలో కలిసే కిన్నెరసానిని విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’లో కోడల్ని చేశారు. అత్త నింద వేస్తుంది. కొడుకు తల్లికి ఎదురు చెప్పలేడు. కిన్నెర అడవుల్లోకి పరుగెడుతుంది, వెతుక్కుంటూ వచ్చిన మగడి కౌగిట్లోనే కరిగి వాగైపోతుంది, అతను రాయైపోతాడు. నేను ఆ కావ్యాన్ని ఎన్నో ఏళ్ళు లయ కోసం చదివాను, పిల్లల చేత చదివించాను. ఇప్పుడు చదువుతుంటే ఒక ప్రశ్న వదలదు. ఆమె ఇల్లు వదిలిన కారణం మీద కావ్యం ఎంతసేపు నిలబడింది? నింద ఒక అంచు. ఆ తర్వాతంతా నడక, నురగ, తళుకు, వంపు. కోడలి కష్టం ప్రకృతి శోభ అయిపోయింది. ఒక స్త్రీ ఇంట్లో ఉండలేక చచ్చిపోతే దాన్ని జలపాతంగా చూసి ఆనందించమని మనకు అలవాటు చేశారు. ఆ అలవాటు లేకపోతే టూరు కాగితం భాష మనకు అంత సహజంగా అనిపించేది కాదు. ఇప్పుడు పాల్వంచ దగ్గర కిన్నెరసాని మీద ఆనకట్ట ఉంది. ఆ నీళ్ళు థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతాయి, జలాశయంలో బోటు షికారు కూడా ఉంది. కోడలు ఇంకా చాకిరి చేస్తూనే ఉంది.

మరి స్త్రీలు తమ కళ్ళతో చూసి రాసింది లేదా? ఉంది. 1870ల్లో పోతం జానకమ్మ మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి వచ్చి ఆ అనుభవం పుస్తకంగా రాసింది. నాయని కృష్ణకుమారి కాశ్మీరు యాత్రను ‘కాశ్మీర దీపకళిక’గా రాశారు. యాత్రా సాహిత్యమంటే ఏనుగుల వీరాస్వామయ్య దగ్గర మొదలుపెట్టి మగవాళ్ళ పేర్లే వరసగా చెప్పే మా పాఠ్య ప్రణాళికల్లో వీళ్ళు ఒక వాక్యంలో అయిపోతారు. ఈ ఇద్దరికీ చదువూ వెసులుబాటూ ఉన్నాయి. అవి లేని స్త్రీలు నదుల్ని చూడలేదని కాదు, చూసింది రాయలేదు. బట్టలుతకడానికీ బిందె ముంచడానికీ పోయిన చూపుకు ‘విహారం’ అన్న పేరు రాదు.

ఇక్కడి దాకా ఆలోచించి, మా వాళ్ళకు వద్దని చెప్పాలనుకున్నాను. దానికి ఇంకా బలమైన కారణాలే ఉన్నాయి.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోతున్న ‘రాయల్ వశిష్ఠ’ బోటు మునిగింది. గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల చుట్టుపక్కల వరద పోతుండగా ఆ బోటు బయల్దేరింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే ఇరవై ఆరుగురు బతికారు. పోయినవాళ్ళలో హైదరాబాదువాళ్ళూ వరంగల్‌వాళ్ళూ ఉన్నారు, మనలాగే సెలవు దొరికిందని బయల్దేరినవాళ్ళు. బోటును పైకి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. కొందరి శరీరాలు దొరకనే లేదు. దొరకని మనిషి భార్య ఏ రోజున బొట్టు తీయాలి, సర్టిఫికెట్ ఎవరిస్తారు, పింఛను ఎప్పుడొస్తుంది అన్నవి ఇళ్ళలో ఆడవాళ్ళు నెలల తరబడి మోసే ప్రశ్నలు. మాకు అవి దూరపు ప్రశ్నలు కావు. 2025 జూన్ 30న మా పాశమైలారంలో మందుల పరిశ్రమ పేలి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, ఆనవాలు దొరకని వాళ్ళ కోసం బయట నిలబడ్డ ఆడవాళ్ళని ఈ ప్రాంతమంతా చూసింది.

కచ్చులూరులో బతికినవాళ్ళని బతికించింది ఎవరు? ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలవాళ్ళు. కేకలు విని తమ పడవలు వేసుకుని వచ్చి నీళ్ళలోంచి లాగారు. అంతకుముందు క్షణం దాకా వాళ్ళు బోటు కిటికీలోంచి కనపడే దృశ్యం. ఆ నదిలోనే, ఆ మండలంలోనే, 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు ఒక లాంచీ మునిగింది. అందులో ఉన్నది ఎక్కువగా ఆ చుట్టుపక్కల గిరిజనులు. సరుకులకూ పనులకూ పోయి ఇంటికి తిరిగి వస్తున్నారు. ఇరవై మంది దాకా చనిపోయారు. కచ్చులూరు మా వీధిలో అందరికీ గుర్తుంది, మంటూరు నా ఒక్కదానికే గుర్తుంది. అది కూడా ఈ వ్యాసం కోసం వెతుక్కుంటే గుర్తొచ్చింది. విహారంలో చనిపోతే వార్త ఎక్కువ కాలం బతుకుతుంది, బతుకుతెరువులో చనిపోతే త్వరగా పోతుంది.

పైగా ఆ ఒడ్డే ఇప్పుడు లేచిపోతోంది. పోలవరం కింద ఇళ్ళు కోల్పోయే కుటుంబాలు లక్ష దాటతాయి. రాష్ట్రం విడిపోయిన 2014లోనే ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. కాఫర్ డ్యామ్ కట్టాక వెనక్కి తన్నే నీటికి దేవీపట్నం ఊళ్ళు మునిగాయి. వరదొస్తే గండి పోచమ్మ గుడి నీళ్ళలో ఉంటుంది. మునిగాక చూడలేం, ముందే పోయి చూసి రావాలన్న తొందర చదువుకున్నవాళ్ళ మాటల్లోనూ విన్నాను. ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే గుమ్మంలో నిలబడి ఫోటో తీసుకోవడానికీ దీనికీ ఎంత తేడా?

ఇవన్నీ ఒక సాయంత్రం మా వాళ్ళకు చెప్పాను. కాస్త ఉపన్యాసంలాగే చెప్పాను. అందరూ విన్నారు. క్యాంటీన్‌లో పనిచేసే వదిన చివరికి నోరు విప్పింది.

“గవన్నీ నిజమే. గని నువ్వు కాశ్మీర్ జూసినవ్, ఊటీ జూసినవ్. సూసి అలిసినంక వద్దంటున్నవ్. నేను రోజు మూడు వందల మందికి వండి పెడ్త. నలభై ఆరేండ్లొచ్చినయ్, ఒకలు పెడితె కూసోని తిన్న దినం నాకు యాదికి లేదు. గా బోటుల పొద్దుగాల టిఫిన్, పగటీలి అన్నం వాళ్ళే పెడ్తరని రాసిన్రు గద. నేను కొండల కోసం పోతలేను మేడం, గా అన్నం కోసం పోత.”

కరపత్రంలో నేను తప్పుపట్టిన ఒక్కొక్క మాటా విప్పుకుంటూ పోయానే గాని, ‘భోజన సదుపాయం కలదు’ అన్న వాక్యాన్ని ఖర్చు లెక్కలోనే వదిలేశాను. మొత్తం కాగితంలో ఆమె వెతుక్కున్నది ఆ వాక్యమే. స్త్రీలకు చూసే హక్కు, ఊరికే కూర్చునే హక్కు కావాలని ఎన్నో వ్యాసాల్లో రాసిన నేను, ఒకామె ఆ హక్కు వాడుకుంటానంటే పర్యాటకపు రాజకీయం చెప్పాను. అది చెప్పడం తప్పు కాదు. కానీ మొదటిసారి కిటికీ పక్కన సీటు దొరికిన మనిషికి కిటికీలోంచి చూడటమే నేరమని చెప్పే హక్కు, కిటికీ సీట్లో ఎన్నోసార్లు కూర్చున్నదానికి లేదు.

ప్యాకింగ్ సెక్షన్ పిల్ల ఇంకో మాటంది. “మన నక్కవాగు కాడికి ఎవలన్న టూరు ఏస్తరా అక్కా?” నవ్వుకున్నాం. ఆ నవ్వు నాతో రాత్రంతా ఉంది.

నది అంటే మాకు లేకపోలేదు. రోజూ పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులో ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటి పోతాను. ఒకప్పుడు ఏ స్టేజీ వచ్చిందో కళ్ళు మూసుకుని వాసనతో చెప్పేదాన్ని. ఇక్కడి వాగు నక్కవాగు, అది మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే పోచంపాడు దాటి, భద్రాచలం దాటి, పాపికొండల మధ్యకు పోతుంది. మా వాగు విషం అక్కడి దాకా పోతుందని నేను అనడం లేదు. నీటి దారి ఒక్కటేనని చెబుతున్నాను. ఆ దారిలో ఒక చివరను ‘రసాయనాల కాల్వ’ అనీ ఇంకో చివరను ‘ప్రకృతి శోభ’ అనీ పిలుస్తాం, మధ్యలో ఉన్న బంధుత్వం మర్చిపోతాం.

ఈ వాగు మీద రాసింది కూడా ఉంది, అయితే కవిత్వం కాదు. 1990లో సుప్రీంకోర్టుకు పోయిన వ్యాజ్యం అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించారు. జ్వరానికి డాక్టరు రాసే యాంటీబయాటిక్ వాగులో ఊరికే పారుతోంది. తర్వాత ఆ శుద్ధి చేసిన నీటిని పైపు వేసి హైదరాబాదు మీదుగా మూసీ వైపు మళ్ళించారు. గోదావరికి పోవాల్సింది కృష్ణకు పోయింది. నదిని బాగుచేయకుండా నదిని మార్చడం అన్నమాట. బోరు నీళ్ళు తాగలేక ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడ్డ ఈ ఊళ్ళ ఆడవాళ్ళు ఏ యాత్రా సాహిత్యంలోకీ రాలేదు. ఆ నీళ్ళ దగ్గర గడిపిన గంటలు లెక్కేస్తే ఏ యాత్రికుడూ నది ఒడ్డున అంతసేపు గడిపి ఉండడు.

అయినా మంజీర అంటే మా వాళ్ళకు విషం మాత్రమే కాదు. సంగారెడ్డి దగ్గర కలబ్‌గూరు బ్యారేజీ నీళ్ళలో మొసళ్ళున్నాయి, చలికాలం కొంగలూ బాతులూ దిగుతాయి. హైదరాబాదు తరాలుగా ఆ నీళ్ళు తాగుతోంది. ఇంకా కిందికి పోతే ఏడుపాయల. మంజీర ఏడు పాయలుగా చీలి పారే చోట రాళ్ళ మధ్య దుర్గమ్మ గుడి, శివరాత్రికి జాతర. మా అత్తమ్మ బతికున్నన్నాళ్ళు ఏటా పోయేది. నీళ్ళలో దిగి తానం చేసి, రాళ్ళ మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండి, చెట్టు కింద పడుకుని తెల్లారి వచ్చేది. అక్కడా వంట ఆడవాళ్ళదే, నిజమే. అయినా ఆమె వారం ముందు నుంచే హుషారుగా ఉండేది. “ఏముంటదత్తమ్మా గాడ?” అని ఒకసారి అడిగితే, “ఏముంటది బిడ్డా, నీళ్ళుంటయ్. నన్నెవ్వలు పిలువరు గాడ” అంది. నన్నెవ్వరూ పిలవరు! ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు పిలిచే మనిషి, నది దగ్గర దాన్నుంచి తప్పించుకుంది. జాతరంటే మూఢనమ్మకమని అప్పట్లో నేను వాదించేదాన్ని. క్యాంటీన్ వదిన అన్నం మాట, అత్తమ్మ పిలుపు మాట ఒకటే అని ఇన్నేళ్ళకు అర్థమైంది.

కాబట్టి నా విమర్శను నేనే దిద్దుకోవాల్సి వచ్చింది. నదిని స్త్రీగా వర్ణించే సాహిత్యాన్నీ, ఒడ్డు మనుషుల్ని బొమ్మలు చేసే కరపత్రాన్నీ సినిమానీ నిలదీయాల్సిందే. ఆ నిలదీత చివరకు ఆడవాళ్ళని మళ్ళీ వంటింట్లోనే కూర్చోబెట్టేదైతే అది ఎవరికి పనికొచ్చింది? మనం అడగాల్సింది, చూసే చోటు మాకూ కావాలని. ఆ చోట్లో కూర్చున్నాక, మనం ఎదురుగా ఏది చూస్తున్నామో, ఏది మనకు చూపించకుండా దాటిస్తున్నారో కూడా గమనించాలని. ఇంటి చాకిరి కనపడకుండా దాచిన సమాజం మనకు తెలుసు. ఆ అనుభవం ఉన్న కళ్ళకు ఒడ్డు చాకిరి కనపడకపోతే ఇక ఎవరికి కనపడుతుంది?

మేం వెళ్దామని నిర్ణయించాం. వరదలు తగ్గాక, సంక్రాంతి సందడి దాటాక, జనవరి చివర్లో. లింగంపల్లిలో గౌతమి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. రైలు పేరు కూడా గోదావరిదే. కరపత్రం వెనక ఖాళీ జాగాలో మా షరతులు రాసుకున్నాం. లైసెన్సు చూపించని బోటు ఎక్కం. బాత్రూం సంగతి ఫోన్‌లో అడిగి తేల్చుకున్నాకే డబ్బు కడతాం. అందరం పంజాబీ డ్రెస్సులే, చీరలు సంచిలో. ఇందుకు ఇద్దరి ఇళ్ళలో యుద్ధాలు నడుస్తున్నాయి. జాకెట్ దిగేదాకా విప్పేది లేదు, అన్నం తినేటప్పుడు కూడా. పులిహోర, సకినాలు ఏమీ వండుకుపోం, దీని మీద వదిన పట్టుబట్టింది. పేరంటపల్లిలో దిగినప్పుడు బుట్టలమ్మే వాళ్ళ దగ్గర బేరమాడకుండా కొంటాం, అడక్కుండా ఫోటో తీయం. ఏ ఊరికి తరలిస్తున్నారు, పరిహారం వచ్చిందా, కొత్త చోట నీళ్ళెట్లా ఉన్నాయి అని మాట్లాడటం ఇష్టమైతే అడుగుతాం. ఎక్కడి నుంచి వచ్చారని వాళ్ళడిగితే, మందుల కంపెనీల ఊరు నుంచి, మా దగ్గరా ఒక వాగుందని చెబుతాం.

తిరిగొచ్చాక శివరాత్రికి ఏడుపాయల. ఆ డబ్బా మళ్ళీ నింపడం మొదలైంది. ఈసారి మూడు వందలు వేద్దామని ప్యాకింగ్ సెక్షన్ పిల్ల అంటోంది. కాంట్రాక్టు రెన్యూ అవుతుందో లేదో తెలియదు, అయినా అంటోంది.